ఒకటే బల్ల: గుంటూరు సీమ సంఘాల భేదాలు, ఐక్యత
(స్మారక ఉపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసమో ఆ మాస్టారి పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రం మీద ఉంది. ఆయన మిషన్ బడిలో లెక్కలు చెప్పారు. పుట్టుకతో లూథరన్, పెళ్లితో బాప్టిస్టుల అల్లుడు, హార్మోనియం వచ్చు కాబట్టి ఎవరు పిలిచినా వెళ్లేవారు. పొగడ్తలు వద్దు, సంఘాలకు పనికొచ్చే ఒక విషయం మాట్లాడండి అని ఈ స్మారక నిధిని నెలకొల్పిన ఆయన కుటుంబం కోరింది. అందుకే ఆయన ఇంట్లోనే రోజూ నడిచిన విషయాన్ని ఎంచుకున్నాను: ఇన్ని సంఘాలున్న చోట ఐక్యత అంటే ఏమిటి?

ఆదివారం పొద్దున

ఈ జిల్లాలో ఏ పల్లెకైనా ఆదివారం పొద్దున వెళ్లండి. ముందు లూథరన్ గుడి గంట మోగుతుంది. రెండు వీధుల అవతల బాప్టిస్టు గుడి మైకు అందుకుంటుంది. ఎదురుగా రేకుల షెడ్డులో పెంతెకొస్తు వారి డ్రమ్ము. దూరం నుంచి కథోలిక గుడిలో పూజ ముగిసి వస్తున్న వాళ్లు. మధ్యలో ఒక బైబిల్ మిషన్ ప్రార్థన గది, ఒక హోసన్నా మందిరం, పేరులో ‘ఇండిపెండెంట్’ ఉన్న మరో రెండు. ఒకే ఇంట్లో తల్లి ఒక గుడికి, కొడుకు ఇంకో గుడికి, కొత్తగా వచ్చిన కోడలు మూడో గుడికి. సోమవారం పొద్దున మాత్రం అందరూ ఒకే ఆటో ఎక్కి ఒకే చేలో మిరపకాయ కోతకు వెళతారు. ముఠా మేస్త్రీ ఎవరినీ నీది ఏ సంఘమని అడగడు.

దీన్ని చూసి బాధపడేవాళ్లున్నారు. క్రీస్తు శరీరం ముక్కలైందని అంటారు. మురిసిపోయేవాళ్లూ ఉన్నారు, ఎన్ని గుళ్లుంటే అంత సువార్త అంటారు. ఇద్దరూ గుళ్లనే లెక్కపెడుతున్నారు. ఆ లెక్క నా పని కాదు. ఈ గీతలు ఎవరు గీశారు, ఇప్పుడు వాటిని ఎవరు నిలబెడుతున్నారు అన్నది నా ప్రశ్న. గీసినవాళ్లు వెళ్లిపోయి చాలా కాలమైంది. నిలబెడుతున్నది మనమే. అదీ ఎక్కువగా సిద్ధాంతం కోసం కాదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

గీతలు ఎక్కడివి

1842 జూలై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆదరువు ఇచ్చారు. హేయర్ అమెరికా లూథరన్. స్టోక్స్ దొర ఆ సంఘం వాడు కాడు. అంటే ఈ ఊళ్లో తొలి మిషన్ పనికి అండగా నిలిచింది ఇంకో సంఘపు మనిషి. దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే దిగారు. కృష్ణకు అవతల మచిలీపట్నంలో ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీ 1841లో మొదలైంది. ఏ నది దాటితే ఎవరి మండలమో మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. దక్షిణ, పడమటి గుంటూరులో, బాపట్ల, నరసరావుపేట, వినుకొండ వైపు మాత్రం లూథరన్లు, బాప్టిస్టులు పక్కపక్కనే పనిచేశారు. అందుకే అక్కడ ఒకే ఊళ్లో రెండు గుళ్లూ పాతవే.

మన తాతలెవరూ లూథర్ రాసిందీ బాప్టిస్టులు రాసిందీ ఎదురెదురుగా పెట్టుకుని బేరీజు వేసి ఒక సంఘంలో చేరలేదు. ఏ దొర ముందు గుర్రం దిగాడో, ఏ బోధకుడు ముందు వచ్చి అరుగు మీద కూర్చున్నాడో, ఎవరు బడి పెట్టారో, ఏ మేనమామ ముందు చేరాడో, అటు చేరారు. మన విశ్వాసం నిజమైనదే. కానీ దాని మీది లేబులు ప్రయాణపు దారుల వల్ల, నదుల వల్ల, చుట్టరికాల వల్ల వచ్చింది.

అమెరికా గొడవలు మన ఏరు దాకా ఎలా వచ్చాయో చూడండి. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది.  ఆ దశాబ్దంలోనే అక్కడి లూథరన్లు చీలారు. 1867లో విశ్వాస ప్రమాణాల మీద తగవుపడి జనరల్ కౌన్సిల్ అని ఒక వర్గం వేరు కుంపటి పెట్టుకుంది. దాంతో గుంటూరు పాత వర్గానికీ రాజమండ్రి కొత్త వర్గానికీ పోయాయి. పెన్సిల్వేనియాలో జరిగిన తగాదాకు కృష్ణా గోదావరుల మధ్య సరిహద్దు పడింది. 1869లో రాజమండ్రి మిషన్ను ఆంగ్లికన్లకు అప్పగించేద్దామనుకుంటే, ఏడు పదులు దాటిన హేయర్ నేను వెళతానని మళ్లీ ఓడెక్కి వచ్చారు. 1918లో అమెరికాలో ఆ వర్గాలు కలిశాయి. ఆ తర్వాత 1927లో ఇక్కడ గుంటూరు, రాజమండ్రి ఒకటై ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. వాళ్లు విడిపోయినప్పుడు మనం విడిపోయాం, వాళ్లు కలిసినప్పుడు కలిశాం. రెండుసార్లూ మనల్ని ఎవరూ అడగలేదు.

బాప్టిస్టుల కథా అంతే. 1845లో బానిసత్వం ప్రశ్న మీద అమెరికా బాప్టిస్టులు ఉత్తర, దక్షిణ వర్గాలుగా విడిపోయారు. నెల్లూరు ఉత్తరాది వారి చేతిలో ఉండిపోయింది, తర్వాత ఒంగోలూ వారిదే అయింది. కథోలికులది ఇంకా పాత దారి. ఫిరంగిపురం, రావిపాడు, పాటిబండ్ల, రెంటచింతల లాంటి ఊళ్లలో వారి సంఘాలు పాతుకున్నాయి. 1940లో నెల్లూరు నుంచి వేరుపడి గుంటూరు మేత్రాసనమైంది. రక్షణ సైన్యం బాపట్ల వైపు వచ్చింది. ప్రభుత్వం ‘నేరస్థ జాతి’ అని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల కోసం స్టువర్టుపురం సెటిల్మెంటు నడిపింది వారే. ఆ సంఘంలో బాప్తిస్మమూ లేదు, ప్రభురాత్రి భోజనమూ లేదు. అయినా వాళ్లను క్రైస్తవులు కారని మన పల్లెల్లో ఎవరూ అనలేదు. సిద్ధాంతపు తేడాలు మన జనానికి ఎప్పుడూ అంత పెద్ద అడ్డు కాలేదనడానికి ఇదొక్కటి చాలు.

అసలు గోడ

మరి అడ్డు ఏది? 1866లో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు యోగమార్గంలో దేవుణ్ణి వెతికిన మనిషి ఆయన. అదే ఏడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలుపెట్టగానే పట్నంలో పెద్దకులాల వారు క్లౌ ముందు ఒక షరతు పెట్టారు: వాళ్లను చేర్చుకోకుంటే మేం వస్తాం. క్లౌ ఒప్పుకోలేదు. బడిలోంచి పెద్దకులాల పిల్లలు వెళ్లిపోయారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చి వేలమందిని బతికించారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. మూసిన తలుపు తెరిచాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ బాప్తిస్మమిచ్చారు. ప్రపంచంలో ఎక్కడ మిషన్ చరిత్ర రాసినా ఆ రోజు ప్రస్తావన ఉంటుంది.

పేరయ్య సంఘం అలా పెరిగింది. పెరిగిన తీరులోనే ఒక చిక్కూ ఉంది. జనం కులంగా కదిలి వచ్చారు కాబట్టి సంఘం కులం ఆకారంలోనే నిలబడింది. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు, తెనాలి వైపు లూథరన్ సంఘాల్లో మాలలు, కథోలిక సంఘాల్లో దళితులతో పాటు రెడ్లు, కమ్మలు. అన్నిచోట్లా ఇంతేనని కాదు. కానీ మన పెళ్లిళ్ల పేరయ్యలను అడగండి. ‘బాప్టిస్టుల సంబంధం’ అనగానే ఎదుటివారికి ఏం అర్థమవుతుందో వాళ్లకు తెలుసు. సంఘం పేరు చెప్పి కులం చెప్పడం మన నాలుకకు అలవాటైపోయింది. కథోలిక ఊళ్లలో వరసలు వేరు, కొన్నిచోట్ల సమాధులూ వేరు. లోపల ఇంత ఉంచుకుని, బయట మనం విడిపోయింది బాప్తిస్మం ముంచడమా చిలకరించడమా అన్నందుకేనని చెబుతాం.

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను వేటాడి చంపినవాళ్లు నీది ఏ మిషనని ఎవరినీ అడగలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా కూడా అడగదు. క్రైస్తవుడైతే చాలు, షెడ్యూల్డ్ కులం హోదా పోతుంది. మన రాష్ట్రంలో వాళ్లకు మిగిలింది బి.సి.–సి జాబితాలో ఒక్క శాతం. లూథరన్ కూలీకీ, బాప్టిస్టు కూలీకీ, కథోలిక కూలీకీ దెబ్బ ఒకటే, నష్టం ఒకటే. ఓదార్పు మాత్రం వేర్వేరు గుళ్లలో, వేర్వేరు మైకుల్లో.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో, షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్లను వర్గీకరించాలని కోరుతూ మాదిగ దండోరా పుట్టింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. వర్గీకరణ మంచిచెడులు తేల్చే వేదిక ఇది కాదు. న్యాయమైన వాటా అడగడం ఎవరికైనా హక్కే. నా బాధ వేరు. ముప్పై ఏళ్లు నడిచిన ఈ వాదంలో మాల క్రైస్తవుడూ మాదిగ క్రైస్తవుడూ కోర్టు దగ్గర, రోడ్డు మీద, పార్టీ ఆఫీసులో ఎదురుపడ్డారు. ప్రభువు బల్ల దగ్గర ఎదురుపడి మాట్లాడుకున్న సందర్భాలు ఎన్ని? ఆ సంభాషణకు చోటివ్వాల్సిన సంఘాలు, ఎవరి వైపు జనం ఎక్కువో ఆ వైపు మొగ్గి మౌనంగా ఉండిపోయాయి.

కలపాలని చూసినవాళ్లు

ఐక్యత కోసం పాటుపడినవాళ్లు మనకు లేకపోలేదు. 1919 మేలో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సంఘ నాయకులు కూడారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. విడిపోయిన సంఘాలు ఈ దేశంలో సువార్త చెప్పడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. ఇరవై ఎనిమిదేళ్ల చర్చల తర్వాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలు అలా కలవడం ప్రపంచంలో అదే మొదలు. అజరయ్య మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు.

ఆ కలయికకు బీజం పడిన తరంగంబాడి, 1706లో జీగెన్‌బాల్గ్ దిగిన లూథరన్ గడ్డ. అయినా లూథరన్లు బయటే ఉండిపోయారు. మన బాప్టిస్టులూ చేరలేదు. అంటే 1947 కలయిక మన గుంటూరు, ఒంగోలు గడపల దాకా వచ్చి ఆగిపోయింది. లూథరన్లకూ సి.ఎస్.ఐ.కీ మధ్య 1948 నుంచి వేదాంత సంభాషణలు ఏళ్ల తరబడి నడిచాయి. చాలా విషయాల్లో ఒప్పందానికీ వచ్చారు. అక్కడితో సరి. నంద్యాల ఆంగ్లికన్లు 1947లో చేరలేదు, తర్వాతి కాలంలో చేరారు. ఆ నంద్యాలకే 2013లో ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్. చేరడానికి వెనకాడిన చోటు కూడా తర్వాత అందరికంటే ముందుకు నడవగలదు. ఆలస్యాన్ని శాశ్వతం అనుకోకూడదు.

రెండో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. లూథరన్ సంఘంలో బోధకుడైన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిల్ మిషన్ ప్రారంభించారు. ఏ సంఘాన్నీ నిందించవద్దని, సందేహం వస్తే దేవుణ్ణే అడగమని ఆయన బోధ. 1960లో ఆయన మన పక్కనే కాకానిలో కన్నుమూశారు. ఏటా జనవరి చివర అక్కడ జరిగే మహాసభలకు అన్ని సంఘాల వాళ్లూ వెళతారు. పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా సంఘం పేరే లేని సహవాసాలు కట్టారు. కులం చూడకుండా అందరినీ నేల మీద ఒకే వరసలో కూర్చోబెట్టి ప్రేమవిందు పెట్టారు. సంఘాల పేర్లు దాటిపోవాలన్న తపనతోనే ఇద్దరూ బయలుదేరారు. కాలక్రమంలో ఆ రెండూ మన ఊరి జాబితాలో మరో రెండు పేర్లయ్యాయి. ఇది వారి వైఫల్యమని నేను అనను. గోడలు లేని సంఘం కడదామన్నా నిలబెట్టడానికి నాలుగు స్తంభాలు కావాలి, స్తంభాలకు ఒక పేరు కావాలి.

మూడో దారి కొత్త సంఘాలది. వీటిని పాత సంఘాలవారు ‘గొర్రెల దొంగతనం’ అని కొట్టిపారేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. పాత సంఘపు అయ్యగారికి ఏడెనిమిది ఊళ్లు. నెలకు ఒకసారి మోటారు సైకిలు మీద వచ్చి ప్రభురాత్రి భోజనం ఇచ్చి వెళతారు. కొత్త పాస్టరు అదే వీధిలో కాపురం ఉంటాడు. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే తలుపు కొట్టవచ్చు. కూలికి వెళ్లే ఆడవాళ్లకు వీలుగా చీకటి పడ్డాక కూడిక పెడతాడు. జనం వేదాంతం మార్చుకుని అటు వెళ్లలేదు. పిలిస్తే పలికే మనిషి ఉన్న చోటికి వెళ్లారు. సంఘాలు ఇన్నయినందుకు బాధపడే పాత సంఘాలు ముందు ఈ సంగతి గమనించాలి.

ఇప్పటికే ఒకటైన చోట్లు

ఐక్యత ఇంకా రావాల్సిన వస్తువు అనుకోవడం పొరపాటు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవండి. ప్రతి పాట పైన రాగం, తాళం రాసి ఉంటుంది. రాసిన కవి పేరూ ఉంటుంది. కవి సంఘం పేరు ఉండదు. పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందారు. ఆయన పాట లేకుండా లూథరన్ ఆరాధన గడవదు. ఎ.బి. మాసిలామణి బాప్టిస్టు బోధకుడు. ఆయన పాటలు సి.ఎస్.ఐ. గుళ్లలోనూ పెంతెకొస్తు షెడ్లలోనూ ఒకే గొంతుతో పాడతారు. వేదాంతులు శతాబ్దంలో చేయలేని కలయికను కర్ణాటక రాగాలు, మన పల్లె మెట్లు ఎప్పుడో చేసేశాయి.

శుభ శుక్రవారం మధ్యాహ్నం కూడిక చూడండి. పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం. ఏప్రిల్ ఎండ, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు, కాయ కోతకు సెలవు పెట్టి తెల్ల చీరల్లో వచ్చిన ఆడవాళ్లు. చాలా ఊళ్లలో ఆ ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులను ఏడు సంఘాల నుంచి పిలుస్తారు. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాటను కొన్నిచోట్ల ఆడవాళ్లకు ఇస్తారు. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు. కార్యదర్శి గడియారం చూసి చిన్న గంట కొడతాడు. మాటకూ మాటకూ మధ్య ఒక కీర్తన. దాహం గురించిన అయిదో మాట వచ్చేసరికి ఉపవాసం ఉన్న సభ నోళ్లు నిజంగానే ఎండిపోయి ఉంటాయి. ప్రసంగీకుడు ఏ సంఘం వాడో అప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఏడుగురూ సిలువ గురించి ఒకరితో ఒకరు విభేదించిన సందర్భం నేను వినలేదు. మూడు గంటలు అలా కూర్చోగలిగినవాళ్లు మూడో రోజున ఈస్టరు నాడు ఒకే బల్ల దగ్గరకు ఎందుకు రాలేరు?

చదువుల్లోనూ ఒక దారి పడింది. 1964లో లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ., మెథడిస్టులు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టారు. అది తర్వాత హైదరాబాదుకు మారింది. మన అయ్యగార్లలో ఎంతోమంది అక్కడ ఒకే హాస్టల్లో ఉండి, ఒకే మెస్సులో తిని చదువుకున్నారు. మన ఆంధ్ర క్రైస్తవ (ఏ.సి.) కాలేజీ, డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి ఏ మతం వారినైనా, ఏ సంఘం వారినైనా చేర్చుకున్నాయి. ప్రసవానికి వచ్చిన తల్లిని నీ బాప్తిస్మం ఎలాంటిదని ఎవరూ అడగలేదు. మన సంస్థల్లో గొప్పవన్నీ ఆ ప్రశ్న అడగనివే.

నిజమైన భేదాలు

అలాగని విశ్వాస భేదాలను చిన్నచూపు చూడను. బాప్తిస్మం విశ్వసించినవాడు తానే అడిగి తీసుకోవాలని బాప్టిస్టులు అంటారు. దేవుని కృప మనం అడగకముందే వస్తుందని శిశువుకు బాప్తిస్మమిచ్చే లూథరన్లు, కథోలికులు, సి.ఎస్.ఐ. వారు అంటారు. రెండింటి వెనకా పెద్ద సత్యమే ఉంది. బల్ల దగ్గర ప్రభువు ఎలా ఉంటాడన్నది, పోపు అధికారం, అన్యభాషలు, ఇవన్నీ నిజాయితీ గల మనుషులు పుస్తకాలు పెట్టుకుని వాదించుకోవలసిన విషయాలు. ప్రొటెస్టెంటు బైబిలులో 66 పుస్తకాలు, కథోలిక బైబిలులో 73. ఇదీ చిన్న తేడా కాదు.

అయినా దారులున్నాయి. 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో బాప్టిస్టులూ ఉన్నారు, శిశు బాప్తిస్మం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండు పద్ధతులనూ ఆ సంఘం సమానంగా అంగీకరించింది. వింధ్యకు అవతల సాధ్యమైంది గుండ్లకమ్మ ఒడ్డున ఎందుకు సాధ్యం కాదు? 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. విశ్వాసం ద్వారా నీతిమంతులమవడం అన్న విషయంలో పదహారో శతాబ్దంలో ఒకరి మీద ఒకరు వేసుకున్న శాపాలు నేటి బోధకు వర్తించవని ఒప్పుకున్నాయి. లూథర్ గొడవ మొదలైందే అక్కడ. ఆ సంతకాలు పడి పాతికేళ్లు దాటింది. ఫిరంగిపురంలోనూ గుంటూరు లూథరన్ గుళ్లలోనూ ఎంతమందికి ఈ సంగతి ప్రసంగంలో చెప్పాం? తగాదా మాత్రం మూడు తరాలు నేర్పాం, రాజీ కాగితం బీరువాలో పెట్టాం.

కాబట్టి భేదాలను మూడు రాశులుగా విడదీద్దాం. చరిత్ర వల్ల వచ్చినవి మొదటివి. భాష, ఆరాధన క్రమం, అంగీ, రాగం. వాటిని సంతోషంగా ఉంచుకుందాం, వైవిధ్యం అంటే అదే. విశ్వాసం వల్ల వచ్చినవి రెండోవి. వాటిని గౌరవంగా వాదించుకుందాం, తొందర లేదు. కులం వల్ల, ఆస్తి వల్ల వచ్చి సిద్ధాంతం దుప్పటి కప్పుకున్నవి మూడోవి. వాటిని భేదాలు అనకూడదు, పాపం అనాలి. ఇన్నాళ్లూ మన ఐక్యతా సభలు మొదటి రాశి గురించి పాటలు పాడి, రెండో రాశి గురించి పత్రాలు చదివి, మూడో రాశి వచ్చేసరికి టీ విరామం ఇచ్చాయి.

చేయదగినవి

అన్నిటినీ కలిపి ఒకే సంస్థ చేద్దామని నేను అనడం లేదు. సంస్థ పెద్దదైతే పదవులు పెద్దవవుతాయి, పదవులతో పాటు దావాలూ పెద్దవవుతాయి. ఒకే సంఘంలోనే రెండు కమిటీలు, రెండు తాళాలు, కోర్టు రిసీవర్లు మనకు కొత్త కాదు. నేను అడిగేవి నాలుగు, నాలుగూ ఈ జిల్లాలోనే చేయగలిగినవి.

మొదటిది సమాధుల తోట. నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం కొట్టి, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబాలు ఆ ఒక్కరోజు సంఘం పేరు చూసుకోవు. మిగతా రోజుల్లో మాత్రం మా సభ్యుడు కాడు, చందా బాకీ ఉంది అని శవాన్ని గేటు దగ్గర ఆపిన ఊళ్లున్నాయి. ప్రతి పట్నంలో సంఘాలన్నీ కలిసి ఒకే రిజిస్టరు పెట్టాలి. క్రైస్తవుడి శవానికి ఏ క్రైస్తవ శ్మశానంలోనూ చోటు లేదనకూడదు. దీనికి వేదాంత పట్టా అక్కర్లేదు, ఒక తీర్మానం చాలు.

రెండోది బదిలీ ఉత్తరం. కోడలై వచ్చిన పిల్లను మళ్లీ బాప్తిస్మం తీసుకుంటేనే బల్ల దగ్గరకు రానిస్తామనడం ఆమె తల్లిదండ్రుల విశ్వాసాన్ని చెల్లదనడమే. బాప్టిస్టుల మనస్సాక్షిని బలవంతపెట్టమని అనను. ఉత్తర ఇండియా సంఘం ఒప్పందాన్ని తెలుగులో పెట్టుకుని కూర్చుందాం. తేలే దాకా బల్ల దగ్గర ఆమెకు చోటివ్వండి.

మూడోది పెళ్లి. లూథరన్ మాల అబ్బాయి, బాప్టిస్టు మాదిగ అమ్మాయి కలిసి వచ్చి ప్రకటన వేయమంటే, కథోలిక రెడ్డి ఇంట్లోంచి అలాంటి అడుగు పడితే, ఆ రోజు అయ్యగారు, ఫాదర్ గారు పెద్దల ముఖం చూడకుండా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. కులం పోయిందా లేదా అన్నది పల్పిట్ మీద తేలదు, పెండ్లి రిజిస్టరులో తేలుతుంది. వినుకొండ నుంచి వచ్చిన మన జాషువా తల్లిదండ్రులది కులాంతర వివాహమే. ఆ ఇంట్లో పుట్టిన కవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

నాలుగోది లెక్క. మాస్టారు లెక్కల పంతులు కాబట్టి ఇది ఆయన పేరున అడుగుతున్నాను. ప్రతి సంఘం తన స్థలాలు, అద్దెలు, లీజులు ఏడాదికొకసారి గుడి గోడ మీద అతికించాలి. మన తగాదాల్లో సగం మిషన్ కాంపౌండుల చుట్టూ తిరిగేవే. లెక్క బయటపడిన చోట తగాదాకు ఊపిరి ఆడదు. అప్పుడు సంఘాల మధ్య మిగిలేవి నిజమైన విశ్వాస భేదాలే. వాటితో బతకడం మన పల్లెలకు ముందే వచ్చు.

‘ఇవన్నీ పైవాళ్లు చేయాలి’ అని సభలో ఎవరైనా అనుకుంటున్నారేమో. పైవాళ్లు విడదీసినప్పుడు మనల్ని అడగలేదని ఇందాక చెప్పాను. కలవడానికి వాళ్ల అనుమతి కోసం ఎదురుచూడడం న్యాయం కాదు. ఈ నిధి ట్రస్టీలకు నా విన్నపం ఒకటే. వచ్చే ఏడు ఈ ఉపన్యాసం పెట్టకపోయినా ఫరవాలేదు. ఆ ఖర్చుతో ఈ పట్నపు సంఘాల కార్యదర్శులను ఒకరోజు కూర్చోబెట్టి, సమాధుల తోట ఉమ్మడి రిజిస్టరు మీద సంతకాలు చేయించండి. సంతకం పెట్టని సంఘం ఉంటే, ఎందుకు పెట్టలేదో తర్వాతి ఏడు ఈ వేదిక మీదికొచ్చి చెప్పమనండి. ఆ కారణం సిద్ధాంతమైతే మర్యాదగా విందాం. ఇంకేదైనా అయితే, అదేమిటో ఊరందరికీ తెలుస్తుంది.